ముందు గాజుపలక, ఆ తర్వాతే మాత్ర

(అనంతపురంలో కుక్కలు పెంచుకునేవాళ్ల కోసం ఒక ఆదివారం పొద్దున జరిగిన సమావేశంలో ఒక పశువైద్యుడు మాట్లాడిన మాటలివి. రికార్డింగు విని రాసుకున్నాం. ఒకే మాట రెండుసార్లు వచ్చినచోట ఒకటి తీసేశాం. తక్కినదంతా ఆయన అన్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వినబడుతోందా? సరే. ప్రొజెక్టరు పనిచేయడం లేదని ఇందాకే చెప్పారు. ఒక రకంగా మేలే అయింది. ఉగ్గాని, బజ్జీ తిన్న వెంటనే చీము పట్టిన చర్మాన్ని గోడంత బొమ్మలో చూపిస్తే మీరు నన్ను ఇంకోసారి పిలవరు.

బల్ల మీద సామాను చూస్తున్నారు కదా. ఒక మైక్రోస్కోపు, కొన్ని గాజుపలకలు, పిల్లలు చిరిగిన పుస్తకాలకు అంటించుకునే టేపు, మూడు సీసాల్లో రంగునీళ్లు, ఒక పాత బ్లేడు. ఈ పూట నేను చెప్పబోయేదంతా వీటి గురించే. వరండాలో కట్టేసిన కుక్కల్లో ఒకదాన్ని చివర్లో పిలుద్దాం. ఇప్పుడే పిలిస్తే మీరు నా మాట వినరు, దాన్నే చూస్తారు.

పోయిన ఎండాకాలం ధర్మవరం నుంచి ఒకాయన ల్యాబ్రడార్‌ను తీసుకొచ్చాడు. మగ్గం నేసే మనిషి. కుక్కను బల్ల ఎక్కించకముందే సంచిలో ఉన్నదంతా నా ముందు కుమ్మరించాడు. రెండు ఆయింట్‌మెంట్ ట్యూబులు, ఒక పౌడరు డబ్బా, సీసాలో ఏదో నూనె, మూడు రకాల యాంటీబయాటిక్ స్ట్రిప్పులు. ఆ స్ట్రిప్పులను నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఒక్కోదాంట్లో నాలుగో ఐదో మాత్రలే వాడినట్టుంది, తక్కినవి అట్లాగే ఉన్నాయి. 'ఏందన్నా ఇది' అంటే, 'తగ్గుతాది సార్, మళ్లీ వస్తాది. మళ్లీ వస్తే ఇంకోటి మారుస్తా ఉన్నాం' అన్నాడు. ఎనిమిది నెలలుగా ఇదే వరస. డబ్బు పోయింది, కుక్క నిద్ర పోయింది, రాత్రంతా అది గోక్కునే చప్పుడుకు ఇంట్లోవాళ్ల నిద్రా పోయింది.

ఆ కుక్క కథ నడుమ నడుమ చెబుతాను. ముందు ఆ పొక్కులేమిటో చూద్దాం.

కుక్క ఒంటి మీద చీముపొక్కులు తెచ్చే సూక్ష్మజీవి దాదాపు ఎప్పుడూ ఒకటే. స్టెఫిలోకాకస్ స్యూడింటర్మీడియస్. నోరు తిరగకపోతే స్టెఫ్ అనుకోండి, చాలు. మేం చదువుకునే రోజుల్లో ఇంటర్మీడియస్ అనే రాసేవాళ్లం. 2005లో దీన్ని వేరే జాతిగా గుర్తించి కొత్త పేరు పెట్టారు. స్టెఫిలో అంటే గ్రీకులో గుత్తి. మన గుత్తి కోట గుత్తి కాదు, ద్రాక్షపండ్ల గుత్తి. 1880ల్లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే స్కాట్లాండు సర్జన్ చీమును మైక్రోస్కోపు కింద పెట్టి, ఈ గుండ్రటి జీవులు గుత్తులు గుత్తులుగా ఉండటం చూసి ఆ పేరు పెట్టాడు. ఒక్కోటి మిల్లీమీటరులో సుమారు వెయ్యో వంతు ఉంటుంది.

ఇది బయటి నుంచి వచ్చి పడేది కాదు. మీ కుక్క నోట్లో, ముక్కులో, ఆసనం దగ్గర ఎప్పుడూ కాపురం ఉంటుంది. తల్లి నాకినప్పుడే పిల్లకు వస్తుంది. పక్కింటి కుక్క నుంచి అంటిందని పక్కింటివాళ్లతో గొడవ పెట్టుకునేవాళ్లను చూశాను. పాపం, వాళ్ల తప్పేమీ లేదు. ఇన్నాళ్లూ ఊరికే ఉన్నది ఇప్పుడెందుకు లేచిందన్నదే అడగాల్సిన ప్రశ్న.

కుక్క చర్మం మన చర్మం లాంటిది కాదు. పైన వెంట్రుకలు చూసి లోపల గట్టిగా ఉంటుందనుకుంటాం. పై పొర మనకు పది పదిహేను వరసల కణాలుంటే కుక్కకు మూడు నుంచి ఐదే. మన చర్మానికి కాస్త పులుపు గుణం ఉంటుంది, పీహెచ్ ఐదున్నర దరిదాపుల్లో. కుక్కది ఏడు దాటి ఉంటుంది. మీరు రుద్దుకునే సబ్బు, షాంపూ దానికి సరిపడకపోవడానికి ఇదొక కారణం. మన వెంట్రుక మొదట్లో జిడ్డు బిరడాలాగా అడ్డం ఉంటుంది, కుక్కకు అది సరిగా ఉండదు. అందుకే వెంట్రుక దిగిన కన్నం గుండా సూక్ష్మజీవి సులువుగా లోపలికి పోతుంది.

పోయినప్పుడు మూడు రకాలుగా కనబడుతుంది. పైపైన ఉండేది ఒకటి. నిన్న సాయంత్రం బాగున్న కుక్కకు పొద్దున లేచేసరికి చెంప మీదనో తొడ మీదనో అరచేతంత మేర వెంట్రుక ఊడి, ఎర్రగా, తడిగా, రసి కారుతూ ఉంటుంది. హాట్‌స్పాట్ అంటాం. గోల్డెన్ రిట్రీవర్లలో, ల్యాబ్‌లలో ఎక్కువ. పిడుదు కుట్టిన చోట అది గోక్కోవడం మొదలుపెడితే కొన్ని గంటల్లోనే ఇంతవుతుంది. చూసేవాళ్లకు భయంగా ఉంటుంది గానీ, చుట్టూ వెంట్రుక కత్తిరించి, కడిగి, దురద ఆపితే తొందరగా మానుతుంది. చాలాసార్లు యాంటీబయాటిక్ మాత్ర అక్కరే ఉండదు. పగ్ మొహం మీది మడతల్లో పట్టే పాచి కూడా ఈ కోవలోదే.

రెండోది వెంట్రుక కుదుళ్లలో దిగేది. మేం రోజూ చూసేది ఇదే, అందరూ పొరబడేదీ ఇక్కడే. మొదట పొట్ట కింద, తొడల లోపల చిన్న ఎర్ర పొక్కు లేస్తుంది. దాని కొనలో చీము పడుతుంది. కుక్క చర్మం పలచన కదా, ఆ చీముపొక్కు ఒకటి రెండు రోజులు కూడా నిలవదు, పగిలిపోతుంది. మీరు చూసేసరికి మిగిలేది ఒక గుండ్రటి మచ్చ. అంచు చుట్టూ పొర లేచి, ఎండిన పొలుసులాగా ఉంటుంది, నడుమ కాస్త నల్లబడి ఉంటుంది. గుండ్రంగా ఉంది, అంచు లేచింది అనగానే ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారు? తామర. మందుల షాపులో తామర ట్యూబు ఇస్తారు. ఆ ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. పూసిన మూడో రోజుకు ఎరుపు తగ్గుతుంది, 'మందు పట్టింది' అనుకుంటారు. కింద సూక్ష్మజీవి మాత్రం హాయిగా పెరుగుతూ ఉంటుంది. వీపు మీద పొట్టి వెంట్రుకల కుక్కలకైతే చెదలు తిన్న గోనెసంచిలాగా అక్కడక్కడ వెంట్రుక ఊడి కనబడుతుంది. ముధోల్ కుక్కలున్నవాళ్లు ఇది గుర్తుపట్టగలరు.

చిన్నపిల్లలకు, అంటే కుక్కపిల్లలకు, పొట్ట మీద పసుపు పొక్కులు వస్తే కంగారు పడకండి. శుభ్రంగా పెట్టి, పైమందుతో తుడిస్తే చాలావరకు పోతాయి. కడుపులో నులిపురుగులున్నాయా, తిండి సరిగా అందుతోందా అని చూడండి.

మూడోది లోతుకు దిగేది. కుదురు లోపలే పగిలి, చీము కింది పొరల్లో పరుచుకుంటుంది. గడ్డలు కడతాయి, నెత్తురు కలిసిన చీము సన్నటి కన్నాల్లోంచి కారుతుంది. కుక్కకు అప్పుడు దురద కాదు, నొప్పి. జర్మన్ షెపర్డ్‌లలో ఇది మొండిగా ఉంటుంది. మన పొలాల్లో తిరిగే కుక్కలకైతే కాలివేళ్ల సందుల్లో. శనగ చేనుకు కాపలా పోయి, పల్లేరు ముల్లు గుచ్చుకుని, నెల తర్వాత వేళ్ల మధ్య గోలీ అంత గడ్డతో వస్తుంది. ఒక కాలికే ఉంటే ముందు ముల్లు వెతకండి. నాలుగు కాళ్లకూ ఉంటే అది ముల్లు పని కాదు.

ఇక అసలు సంగతికి వద్దాం. చూసి చెప్పేయకూడదా డాక్టరు? ఇరవై ఏళ్ల అనుభవం ఉంది కదా? అని మీరనుకోవచ్చు. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక డాబర్‌మన్ పిల్లను తెచ్చారు, ఐదు నెలలది. మొహం మీద, ముందుకాళ్ల మీద వెంట్రుక ఊడి, పొక్కులు, చీము. చూడగానే బాక్టీరియా అన్నాను. చీము ఉంది కదా, ఇంకేం కావాలి? యాంటీబయాటిక్ రాశాను. కాస్త తగ్గింది. మళ్లీ వచ్చింది. మందు మార్చాను. ఎరుపు ఎక్కువగా ఉందని స్టెరాయిడ్ సూది కూడా వేశాను. మూడు వారాలకు ఆ పిల్ల ఒళ్లంతా పుండు చేసుకుని, జ్వరంతో వచ్చింది. అప్పుడు గానీ బ్లేడు తీయలేదు నేను. చర్మాన్ని వేళ్లతో గట్టిగా నొక్కిపట్టి, నెత్తురు చెమరించేదాకా గీరి, నూనెచుక్కలో పెట్టి చూస్తే పొగచుట్టల్లాంటి పురుగులు, లెక్కలేనన్ని. డెమోడెక్స్. కుదుళ్లలో ఉండే గజ్జి పురుగు, మిల్లీమీటరులో ఐదో వంతు పొడుగుంటుంది. పుట్టిన మొదటి రోజుల్లోనే తల్లి నుంచి పిల్లకు వస్తుంది. చీము నిజమే, కానీ పురుగు దారి చేశాకే స్టెఫ్ వెనకాల వచ్చింది. ఆ పురుగున్న కుక్కకు స్టెరాయిడ్ ఇవ్వడమంటే ఒంట్లో ఉన్న కాస్త కాపలానూ నేనే తీసేయడం. ఐదు నిమిషాల పని చేయకపోవడం వల్ల ఆ పిల్ల నాలుగు నెలలు బాధపడింది. బతికింది, అదొక్కటే నా అదృష్టం. ఆ రోజు నుంచి గీరకుండా ఏ కుక్క చర్మానికీ మందు రాయలేదు.

కాబట్టి మీ కుక్కను తీసుకుపోయినప్పుడు ఏం జరగాలో చెబుతాను. మొదట అడగాలి. దురద ముందు వచ్చిందా, పొక్కులు ముందు వచ్చాయా? ఈ ఒక్క ప్రశ్నకు మీరు సరిగా జవాబు చెబితే సగం పని అయిపోతుంది. దురద ముందైతే వెనకాల పురుగో, అలర్జీయో ఉందని అర్థం. పొక్కులు ముందు వచ్చి, అవి మానగానే దురద కూడా పూర్తిగా పోతే, ఒంట్లో ఇంకేదో తేడా ఉండొచ్చు. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా అనీ అడగాలి. చెవి అంచు పట్టుకుని వేళ్లతో రుద్దితే వెనక కాలు గోకుతున్నట్టు ఆడిస్తే, ఇంకో రకం గజ్జి పురుగు, సార్కోప్టిస్ అనేది, ఉందేమోనని అనుమానించాలి. అది మీకూ అంటి కొన్నాళ్లు దురద పెడుతుంది.

తర్వాత దువ్వెన. సన్నటి పేల దువ్వెన. ధర్మవరం కుక్క నడుం మీద, తోక మొదట్లో వెంట్రుక పలచబడి ఉంది. అక్కడ దువ్వితే నల్ల నలుసులు రాలాయి. మట్టి అనుకుంటారు ఎవరైనా. తడి దూది మీద వేసి ఒక నిమిషం ఆగాను. ఆ నలుసుల చుట్టూ ఎర్రటి రంగు పాకింది. అది నెత్తురు. ఎగిరి దూకే ఆ చిన్న నల్ల పురుగు, ఫ్లీ, కుక్క నెత్తురు తాగి వదిలిన మలం అది. ఆయన ఆ దూదిని చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా పంచె పైకి లాగి తన చీలమండలు చూపించాడు. ఎర్ర దద్దుర్లు. 'దోమలనుకుంటా ఉన్నా సార్' అన్నాడు.

దువ్వెన తర్వాత టేపు. ఇది మీకు చివర్లో చేసి చూపిస్తాను. పొర లేచిన అంచు మీద టేపును నొక్కి తీస్తే పైకణాలు దానికంటుకుని వస్తాయి. రంగులో ముంచి, పలక మీద పరిచి, వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తాం. మూడు సీసాల్లో మొదటిది స్పిరిట్ లాంటిది, టేపుకు అది వాడకూడదు, జిగురు కరిగిపోతుంది. చీము అయితే నేరుగా పలకను అద్ది, మూడింట్లోనూ ముంచొచ్చు. తెల్లకణాలు ఊదారంగులో, వంకర టింకరగా కనబడతాయి. వాటి కడుపులో ముదురు నీలం చుక్కలు జంటలుగానో గుత్తులుగానో ఉంటే అది స్టెఫ్, నిజంగా రోగం చేస్తున్న స్టెఫ్. ఒంటి కాపలా కణం దాన్ని మింగింది కాబట్టి అది ఊరికే పక్కన పడి ఉన్నది కాదు. చుక్కలు కాకుండా కడ్డీల్లాంటివి కనబడితే వేరే బాక్టీరియా, అప్పుడు మందు ఊహించి ఇవ్వకూడదు. వేరుశనగ కాయ ఆకారంలో ఉంటే అది ఈస్టు, మలసీజియా. దాని మీద యాంటీబయాటిక్ దమ్మిడీకి పనిచేయదు. బాక్టీరియా ఒక్కటీ లేకుండా తెల్లకణాలూ, విడిపోయిన గుండ్రటి చర్మకణాలూ మాత్రమే ఉంటే, ఒంటి మీద ఒళ్లే తిరగబడే జబ్బు ఉందేమో చూడాలి. ఇవన్నీ బయటికి ఒకేలా, చీముపొక్కుల్లాగే ఉంటాయి. అందుకే నా గోల.

కల్చర్ టెస్ట్ చేయిద్దాం సార్ అని చదువుకున్నవాళ్లు అడుగుతుంటారు. అంటే చీములోని సూక్ష్మజీవిని ల్యాబులో మొలిపించి, అది ఏ మందుకు లొంగుతుందో చూడటం. బాగుంది, కానీ అన్నిటికీ అక్కర్లేదు. స్టెఫ్ ఎట్లాగూ ప్రతి కుక్క చర్మం మీదా ఉంటుంది, కాబట్టి దూదిపుల్లతో ఎక్కడ తుడిచినా అది మొలుస్తుంది. పలక చూడకుండా కల్చర్ రిపోర్టు ఒక్కటే పట్టుకుంటే ఏమీ తేలదు. కడ్డీలు కనబడినా, లోతు పుండు అయినా, ఇదివరకే రెండు మూడు మందులు వాడి ఉన్నా, సరిగ్గా వాడిన మందు పనిచేయకపోయినా అప్పుడు తప్పనిసరి. పగలని పొక్కును సూదితో గిల్లి తీసిన చీమే పంపాలి.

ధర్మవరం కుక్కకు మూడు మందులు తిరగబడ్డాయి కదా, దానికి పంపాం. వచ్చిన రిపోర్టు బాగలేదు. మెక్-ఏ అనే జన్యువు ఉన్న స్టెఫ్. అది ఉంటే పెనిసిలిన్ జాతి, సెఫలెక్సిన్ జాతి మందులు ఒక్కటీ పనిచేయవు. దీన్ని ఎవరు తయారుచేశారు? సగం సగం వాడిన ఆ స్ట్రిప్పులే చాలావరకు. అయిదు మాత్రలకు బలహీనమైనవి చచ్చాయి, మొండివి మిగిలాయి, మిగిలినవే పెరిగాయి.

ఒక లెక్క చెబుతాను. ఇంట్లో వేసుకోవడానికి కాదు, మోసపోకుండా ఉండటానికి. సెఫలెక్సిన్ కుక్కకు కిలోకు సుమారు 25 మిల్లీగ్రాములు, పూటకు, రోజుకు రెండు పూటలు. 30 కిలోల ల్యాబ్‌కు పూటకు 750. ధర్మవరం ఆయన వేసింది 250 క్యాప్సూల్ ఒక్కటి. మనిషికి ఒకటి వేస్తారు కదా, కుక్కకు ఎక్కువెందుకని. అది మూడో వంతు. రోగానికి చాలదు, సూక్ష్మజీవికి కసరత్తు చేయించడానికి సరిగ్గా సరిపోతుంది. కుక్కను ఎత్తుకుని బరువు మిషను ఎక్కండి, మీ బరువు తీసేయండి. అందాజుగా చెప్పొద్దు.

మామూలు అమాక్సిసిలిన్ కూడా చాలామంది వేస్తారు. స్టెఫ్‌లో చాలావాటికి దాన్ని విరిచేసే ఎంజైము ఉంటుంది. ఆ ఎంజైమును అడ్డుకునే క్లావులనేట్ కలిపినదైతే వేరు. సెఫలెక్సిన్, క్లిండమైసిన్, అమాక్సిసిలిన్-క్లావులనేట్, మొదటి వరస మందులు ఇవే. చివర ఫ్లాక్సాసిన్ అని వచ్చేవి కల్చర్ చూడకుండా మొదలుపెట్టకూడదు. ఎన్నాళ్లు? మేం చదువుకున్నప్పుడు మూడు నాలుగు వారాలు, కంటికి మానినాక ఇంకో వారం అని ఉండేది. 2025లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కాస్త మార్చాయి. కుదుళ్ల దాకా ఉన్న రకానికి ముందు పైమందే ప్రయత్నించమన్నాయి. మాత్ర తప్పదనుకుంటే రెండు వారాలకు ఇచ్చి, అవి అయిపోకముందే కుక్కను మళ్లీ చూడమన్నాయి. లోతు రకానికి మూడు వారాలకు ఇచ్చి మళ్లీ చూడాలి, అది మానడానికి ఇంకా చాలాకాలం పట్టొచ్చు. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఆ మళ్లీ చూపించడం. తగ్గింది కదా, బస్సు చార్జీలెందుకు అని మానేస్తారు.

ఇప్పుడు స్నానం. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మందులో మందు ఇదే, ఎవరూ సరిగా చేయనిదీ ఇదే. క్లోర్‌హెక్సిడిన్ 2 నుంచి 4 శాతం ఉన్న కుక్కల షాంపూ. మాత్రలకు లొంగని స్టెఫ్ కూడా దీనికి లొంగుతుంది. వారానికి రెండు మూడుసార్లు. 'పోస్తున్నాం సార్, ఏం లాభం లేదు' అంటారు. ఎంతసేపు ఉంచారు అంటే మొహం చూస్తారు. నురగ ఒంటి మీద పది నిమిషాలు ఉండాలి. మీరు రుద్దడం మొదలుపెట్టినప్పటి నుంచి కాదు, ఒళ్లంతా రుద్దడం పూర్తయ్యాక గడియారం చూసి పది నిమిషాలు. కుక్క పది నిమిషాలు నిలబడదు, నిజమే. తాడు పట్టుకుని మిద్దె మీద రెండు చుట్లు తిప్పండి. పొక్కులున్న చోట ముందు రుద్దండి, బాగున్న చోట చివర. కళ్లలో, చెవుల్లో పడనీయొద్దు.

నీళ్లేవి సార్ అంటారు, నాకు తెలుసు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ఊరు మనది. మా వీధిలో కూడా కొళాయి రోజూ రాదు. బోరునీళ్లు గట్టిగా ఉంటే నురగ రాదు, దాంతో షాంపూ ఇంకా పోస్తారు, డబ్బు దండగ. ఒక చెంబు నీళ్లలో షాంపూ ముందే కలిపి, పాత నీళ్ల సీసా మూతకు కన్నాలు చేసి వెంట్రుకల్లోకి చిమ్మండి. తడపడానికి అర బకెట్, కడగడానికి బకెట్టున్నర. కడిగేటప్పుడు మాత్రం పొదుపు చేయకండి, షాంపూ మిగిలితే అదే దురద పెడుతుంది. నీళ్లు రాని రోజున అదే మందు స్ప్రేగా, తుడిచే పేపరుగా దొరుకుతుంది, అది వాడండి. బొచ్చు కుక్కలకు ముందు వెంట్రుక పొట్టిగా కత్తిరించాలి. తర్వాత బాగా ఆరబెట్టాలి. అనంతపురంలో హస్కీని పెంచే అన్నలు ఇద్దరు ముగ్గురు ఇక్కడున్నారు, వాళ్లతో నాకు వేరే మాటలున్నాయి, బయట మాట్లాడుకుందాం.

ధర్మవరం కుక్కకు మేం చేసింది కూడా అదే. మాత్ర ఒక్కటీ ఇవ్వలేదు. వారానికి మూడు స్నానాలు, రోజూ స్ప్రే, ఫ్లీలు చచ్చే మందు నెలనెలా. కానీ పదిహేను రోజులకు వచ్చినప్పుడు పొక్కులు సగం తగ్గి, ఫ్లీలు మాత్రం అట్లాగే ఉన్నాయి. నాకు అర్థం కాలేదు. కుక్క యాడ పడుకుంటుందన్నా అంటే మగ్గం గుంట పక్కన అన్నాడు. ఆయన పొద్దంతా కాళ్లు గుంటలో పెట్టుకుని నేస్తాడు, కుక్క ఆయన పక్కనే, మధ్యాహ్నం చల్లగా ఉంటుందని గుంటలోకే దిగుతుంది. చీకటి, చెమ్మ, దుమ్ము, తెగిన పోగుల చెత్త. ఫ్లీ గుడ్లూ పిల్లలూ పెరగడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. పెద్ద పురుగు కుక్క మీద ఉంటుంది గానీ దాని సంతానమంతా నేల మీదే. గూటిలో ఉన్న దశకు ఏ మందూ తగలదు, నెలల తరబడి అట్లా కూర్చోగలదు. గుంట ఊడ్చి, చెత్త కాల్చి, మందు కొట్టి, మూడు నెలలు విడవకుండా కుక్కకు మందు వేశాక గానీ కథ ముగియలేదు. ఎనిమిది నెలల యాంటీబయాటిక్కు జవాబు మగ్గం గుంటలో ఉంది.

అందరికీ ఫ్లీలే ఉండవు. ఆరు నెలలకూ మూడేళ్లకూ మధ్య మొదలై, పాదాలు నాకుతూ, చెవులు ఎర్రబడుతూ, ఏటా అదే కాలంలో వచ్చేది అటోపీ అనే అలర్జీ. అది పూర్తిగా పోదు, అదుపులో పెట్టుకోవాలి. తిండి అలర్జీ తేల్చాలంటే రక్తపరీక్ష నమ్మదగ్గది కాదు, ఎనిమిది వారాలు అది ఎప్పుడూ తినని ఒకే తిండి పెట్టి చూడటమే దారి. ఈ పరీక్ష మన ఇళ్లల్లో ఎందుకు చెడుతుందో తెలుసా? అవ్వల వల్ల. కుక్క దీనంగా చూస్తే అవ్వ చేతిలో బిస్కెట్ ఆగదు. నడివయసులో లావెక్కి, మందకొడిగా తిరిగే కుక్కకు పొక్కులు మాటిమాటికీ వస్తుంటే థైరాయిడ్ చూడాలి, అదీ పొక్కులు తగ్గాక. జబ్బులో ఉన్నప్పుడు ఆ అంకె ఎట్లాగూ తక్కువే చూపిస్తుంది, అనవసరంగా జీవితాంతం మాత్ర తగిలించినట్టవుతుంది.

అడగండమ్మా, చెయ్యెత్తారు.

(ఒకామె: పసుపు, వేపాకు నూరి పూస్తాం సార్. తప్పా?)

పాపం ఏమీ లేదమ్మా. వేపాకు నీళ్లతో తుడవండి, వద్దనను. కానీ దాన్ని నమ్ముకుని నెల గడిపేయకండి. ముద్దగా పూస్తే అది ఎండి పక్కుకట్టి కింద చీము ఊరుతుంది, కుక్క నాకుతుంది కూడా. కొబ్బరినూనె దట్టంగా పట్టించినా అంతే. కిరసనాయిలు, కాలిన ఇంజనాయిలు మాత్రం చేతులెత్తి మొక్కుతాను, పూయొద్దు. చర్మం కాలుతుంది, నాకితే కడుపులోకి పోతుంది. లారీ షెడ్డు దగ్గరి కుక్కలకు నల్లగా పూసి తెస్తారు. ముందు ఆ నూనె వదిలించడానికే నాకు ఒక పూట పడుతుంది.

(ఒక కుర్రాడు: వీధికుక్కలకు అన్నం పెడతాం సార్. వాటికి వారానికి మూడు స్నానాలెట్ల పోయాలి?)

పోయలేవు నాయనా, నిన్ను కరుస్తుంది. ఒళ్లంతా బోడిగా, చర్మం ఏనుగు తోలులాగా మందమై తిరిగే వీధికుక్కకు అసలు జబ్బు చాలాసార్లు గజ్జి. దానికి అన్నంలో పెట్టే మాత్రలున్నాయి. పురుగు చస్తే పైనున్న చీము చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. బరువు అంచనా కట్టి డాక్టరు చేతే రాయించు. గొడ్లకు వేసే ఐవర్‌మెక్టిన్ సూది లెక్కాపత్రం లేకుండా వేయొద్దు. కోలీ జాతుల్లాంటి వాటికి అది మెదడుకెక్కి ప్రాణం మీదికి వస్తుంది, సంకరాల్లో ఎవరి రక్తం ఎంతుందో మనకేం తెలుసు.

(ఒక పెద్దాయన: మనుషులకు అంటుతుందా డాక్టరు గారూ? నాకు షుగరుంది.)

చాలా అరుదండీ. ఈ స్టెఫ్‌కు కుక్కే ఇష్టం. కానీ షుగరున్నవాళ్లు కాలి పుండు కుక్క చేత నాకించుకోకూడదు. మందు పూశాక చేతులు సబ్బుతో కడుక్కోండి, దాని పడక గుడ్డ వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. ఎండకు మనకేం కొదవ.

చాలు, ఇంక కూర్చోబెట్టను. ఆ చివర కట్టేసిన గోధుమరంగు దాన్ని తీసుకురా అన్నా. ఇందాకటి నుంచి కడుపు గోక్కుంటోంది, నా కళ్లు దాని మీదే ఉన్నాయి. మెల్లగా. పక్కకు పడుకోబెట్టు, తల నువ్వు పట్టుకో. ఏం పేరు? రాముడా? రా రా రాముడూ. చూడండి, తొడ లోపల. ఇదిగో గుండ్రటి మచ్చ, అంచు లేచింది. ఇక్కడ కొత్త పొక్కు, ఇంకా పగల్లేదు. టేపు ఇటివ్వమ్మా. ఇట్లా నొక్కి, తీసి, మళ్లీ అక్కడే నొక్కి. అయిపోయింది, వాడికి తెలియనే లేదు. మొదటి సీసా వద్దు. ఎరుపు... ఇప్పుడు నీలం... కాస్త నీళ్లు. తుడిచి, పలక మీద పరిచి, ఒక్క చుక్క నూనె.

ఆగండి, దొరకనివ్వండి. ఊఁ. ఉన్నాయి. పైన ఎడమపక్క ఒక తెల్లకణం, దాని కడుపులో ఐదారు. రండి, ఒక్కొక్కరే వచ్చి చూడండి, ముందు ఆ పిల్లలను రానివ్వండి. చూసేటప్పుడు ఆ మర మాత్రం తిప్పకండి, మళ్లీ వెతకలేక చస్తాను.